మినిటెల్ ఉండగా ఇంకొకటెందుకు

1997 సెప్టెంబరులో ఫ్రాన్సు తీరాన ఉన్న ప్లూవెనెక్ ఊరి పురపాలక సంఘం సమావేశమై ఒక తీర్మానం చేసింది. ఇంటర్నెట్ అనబడే వస్తువు ఈ ఊరికి అవసరం లేదనీ, ఎందుకంటే అది ఈ ఊరికి పద్నాలుగేళ్ళ కిందటే వచ్చేసిందనీ ఆ తీర్మానం సారాంశం. పందొమ్మిది మంది సభ్యులూ చేతులెత్తారు. వారిలో ఒకాయన నిద్రలో ఎత్తాడని తర్వాత కొందరన్నారు. మెలకువగా ఉన్న పద్దెనిమిది మంది అంతకంటే తెలిసి ఎత్తారనడానికి ఆధారాలేవీ లేవు కాబట్టి ఆ ఓటు కూడా చెల్లింది.

తీర్మానాన్ని టైపు చేసింది ఆర్మెల్ కెర్విజిక్. పురపాలక కార్యాలయంలో మినిటెల్ విభాగానికి ఆవిడే అధికారి, ఆవిడే గుమాస్తా, ఆవిడే విభాగం. నలభై మూడేళ్ళ మనిషి. అక్షరాల వంక చూడకుండా, ఎదుటివాళ్ళ మాట వింటూ, కాఫీ చల్లారకుండా టైపు చేయగలదు. ఆ తీర్మానంలో అక్షరదోషం ఒక్కటీ లేదు. అర్థదోషాలు దిద్దే అధికారం ఆవిడకు లేదు.

పద్నాలుగేళ్ళ కిందట జరిగింది ఇదీ. పారిస్‌లోని పెద్దలు దేశానికొక మేలు తలపెట్టారు. టెలిఫోను ఉన్న ఇళ్ళకు లావుపాటి డైరెక్టరీ పుస్తకం ఇచ్చే బదులు లేత గోధుమరంగు పెట్టె ఒకటి ఊరికే ఇస్తామన్నారు. చిన్న తెర, మూతలా మడిచి మూసుకునే కీబోర్డు. టెలిఫోనుకు తగిలిస్తే ఒక కూత కూసి, ప్రపంచంలో ఇంకెవరికీ లేని సౌకర్యాలన్నీ తెచ్చి తెర మీద పెట్టేది. రైలు టికెట్టు, పందుల వేలంపాట ధర, కాలేజీ సీటు, ఏ వీధిలో ఏ ఇంటి ఫోను నెంబరు ఎంత అన్నీ అందులోనే. అమెరికావాళ్ళు ఇంకా కాగితాల్లో వెతుక్కుంటున్న రోజుల్లో ప్లూవెనెక్‌లో పందులు పెంచుకునే రైతు, గమ్‌బూట్లు విప్పకుండానే వంటింట్లో నిలబడి పందుల్ని తెర మీద అమ్ముకునేవాడు.

వీటితోపాటు, ఊరూ పేరూ చెప్పకుండా ముక్కూ మొహం తెలియని వాళ్ళతో సరసపు కబుర్లు చెప్పుకునే సేవ కూడా ఒకటి ఉండేది. ప్లూవెనెక్‌లో దాన్ని ఎవరూ వాడలేదు. ఎవరూ వాడని ఆ సేవకు సాయంత్రం ఆరు దాటితే లైను దొరికేది కాదు. అందులో నీలికళ్ళ క్లారా అనే ఆవిడ ఊరి మగవాళ్ళలో సగం మందిని రెండేళ్ళపాటు నిద్రపోనివ్వలేదు. ఆ క్లారా జీతానికి పనిచేసే మీసాల గుమాస్తా అని పత్రికలో పడ్డ రోజున ఊళ్ళో చాలామంది ఎందుకో కొంచెం నీరసంగా కనిపించారు. అయినా దాన్ని ఎవరూ వాడలేదని ముందే చెప్పుకున్నాం.

మేయరు అలాన్ త్రెవిదిక్‌గారు ఈ పెట్టెలో ఊరికంటూ ఒక సొంత సేవ ఉండాలన్నారు. ఆర్మెల్ దాన్ని తయారు చేసింది. చెత్తబండి వచ్చే రోజులు, ఆదివారం తెరిచి ఉండే మందుల దుకాణం, ఆ వారం పోయినవాళ్ళ పేర్లు. మొదటి తెర మీద చిన్నచిన్న చదరాలతో మేయరుగారి ముఖం కూడా వేసింది. ఆ చదరాలతో వేస్తే ఎవరి ముఖమైనా పాచికలాగానే ఉంటుంది. ఆయన చూసి, పోలిక బాగానే కుదిరింది గాని జుట్టు తక్కువైందన్నారు. ఆవిడ ఇరవై నాలుగు చదరాలు కలిపింది. ఆ జుట్టుతోనే ఆయన రెండుసార్లు గెలిచారు.

ఇంత ఘనత ఉన్న ఊరికి ఎనిమిది కిలోమీటర్ల దూరంలో లొక్‌మెవెన్ అని ఇంకొక ఊరుంది. దాన్ని ఊరనడం కూడా మర్యాద కోసమే. పెట్టెలు పంచే రోజుల్లో అక్కడి పెద్దలు, మాకు డైరెక్టరీ పుస్తకమే కావాలి, దాని కాగితం చేపలు చుట్టడానికి పనికొస్తుంది, ఈ పెట్టెలో ఏం చుట్టమంటారు అని రాసి పంపారు. అప్పటినుంచి ప్లూవెనెక్ బళ్ళో పంతుళ్ళు లెక్క తప్పిన పిల్లల్ని లొక్‌మెవెన్ పంపిస్తామని బెదిరించేవారు.

ఇలా అందరూ సుఖంగా ఉండగా, దేశం వెనకబడిపోతోందని, ప్రతి ఊరూ ఇంటర్నెట్‌ను తక్షణం పరిశీలించాలని పారిస్ నుంచి కాగితం వచ్చింది. పద్నాలుగేళ్ళుగా మనమే ముందున్నామని చెప్పిన పారిసే ఇప్పుడు వెనకబడ్డామనడం మేయరుగారికి నచ్చలేదు. అయినా పారిస్ మాట కాదనలేక పరిశీలన సంఘం ఒకటి వేశారు. ఆయనే అధ్యక్షుడు. మందుల దుకాణం ఆయన ఒక సభ్యుడు. టెలిఫోను ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరైన ఫాన్ష్ గూర్విల్ సాంకేతిక సభ్యుడు. ఇంటర్నెట్ అంటే ఏమిటో తెలియజేసే పేజీలు మినిటెల్‌లో ఉన్నాయి. సంఘం ఆ పదకొండు తెరలూ చదివి, ఇంటర్నెట్ గురించి కూడా మినిటెల్‌లోనే తెలుసుకోవలసి వచ్చిందంటే ఏది గొప్పదో వేరే చెప్పాలా అని మొదటి రోజే నివేదికలో రాసుకుంది.

నిష్పాక్షికంగా ఉండాలి కనుక ఒక కంప్యూటరును కూడా తెప్పించారు. దాన్ని అమ్మే కంపెనీ మనిషి వచ్చి తగిలించాడు. అది చాలాసేపు గొంతు సవరించుకుని, ఒక లైట్‌హౌస్ బొమ్మను పైనుంచి కిందికి గీత గీతగా చూపించడం మొదలుపెట్టింది. దీపం కనిపించేసరికి మందుల దుకాణం ఆయన భోజనానికి వెళ్ళాడు. ఆయన భోంచేసి, ఆపిల్ సారా ఒక గుక్క వేసుకుని తిరిగొచ్చేసరికి తలుపు దాకా వచ్చింది. మినిటెల్‌లో మేయరుగారి ముఖం తప్ప వేరే బొమ్మలే ఉండవు కనుక ఇలాంటి ఆలస్యమే ఉండదని సంఘం గమనించింది.

గూర్విల్ నోటుబుక్కు తీశాడు.

"దీని ఆఫీసెక్కడ?"

దీనికి ఆఫీసంటూ లేదండీ అన్నాడు కంపెనీ మనిషి.

"మరి పాడైతే ఎవరికి రాయాలి?"

"ఎవరికీ రాయక్కర్లేదండి. ఇది ఎవరి సొంతమూ కాదు."

"అంటే దీనికి పైన ఎవరూ లేరన్నమాట."

గూర్విల్ నోటుబుక్కు మూసేశాడు. ముప్పై ఒక్కేళ్ళ సర్వీసులో పైన ఎవరూ లేని వస్తువును ఆయన చూడలేదు. దేవుడికి కూడా పారిస్‌లో కాకపోయినా రోమ్‌లో ఆఫీసుంది. కంప్యూటరును అట్టపెట్టెలో పెట్టి వాపసు పంపేశారు. సెప్టెంబరు తీర్మానం అలా పుట్టింది. ఆర్మెల్ దాన్ని మినిటెల్ మొదటి తెర మీద, జుట్టు కింద పెట్టింది.

నిజం చెప్పాలంటే ఆవిడకూ ఆ తీర్మానం తప్పనిపించలేదు. ఇష్టపడి నేర్చుకున్న పని అది. ఒక ముసలాయన పోతే, ఆయన పేరు ఆ పూటే తెర మీదికెక్కి, పక్క ఊళ్ళో ఉన్న చిన్ననాటి స్నేహితుడు మర్నాటి అంత్యక్రియలకు అందుకోగలిగాడంటే అది తన చేతి చలవేనని ఆవిడకు తెలుసు. ఆ కంప్యూటరు మెలమెల్లగా గీసిన లైట్‌హౌస్‌ను చూసి ఆవిడ కూడా జాలిపడింది.

అక్టోబరులో సార్డీన్ చేపల కర్మాగారం సంగతి బయటపడింది.

ప్లూవెనెక్‌లో అరవై నాలుగు మంది ఆడవాళ్ళు ఆ కర్మాగారంలో చేపల్ని శుభ్రంచేసి, వేయించి, నూనెలో పేర్చి డబ్బాల్లో పెడతారు. ఆర్మెల్ అక్క మరివోన్ ఇరవై ఆరేళ్ళుగా అక్కడే పనిచేస్తోంది. ఎన్నాళ్ళుగానో కొంటున్న దుకాణాలవాళ్ళు మొరాకో చేపలు చవగ్గా దొరుకుతున్నాయని ఆ ఏడు చేతులెత్తేశారు. యజమాని లె బిహానిక్ నెమ్మదైన ముసలాయన, ఎవరి మీదా గొంతెత్తి ఎరగడు. వసంతం వచ్చేలోగా కొత్త బేరం దొరక్కపోతే తాళం వేయక తప్పదని పనివాళ్ళందరినీ పిలిచి చెప్పాడు. చెప్పి తనే ముందు ఏడ్చాడు.

ఆ సమయంలో కెనడాలోని మాంట్రియల్ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. అక్కడ నలభై దుకాణాలున్న వర్తకులు మంచి రకం సార్డీన్లకోసం చూస్తున్నారు. కావలసినవాళ్ళు తమ ఇంటర్నెట్ పేజీలో ఉన్న దరఖాస్తు నింపి అక్టోబరు ముప్పై ఒకటిలోగా పంపాలి. ఇంకే దారిలో పంపినా చూడరు. లె బిహానిక్ ఫోను చేసి అడిగితే, దరఖాస్తులను తపాలాలో, ఫాక్సులో తీసుకోవడం మానేశామని అక్కడి అమ్మాయి మర్యాదగానే చెప్పింది.

జిల్లాలోకెల్లా ఎలక్ట్రానిక్ పరంగా ముందున్న ఊరు తమదేనని మేయరుగారు ఏటా కొత్త సంవత్సరం విందులో చెప్పడం విన్నవాడు కనుక లె బిహానిక్ నేరుగా ఆయన దగ్గరికే వెళ్ళాడు. మేయరుగారు ఉత్తరం రెండుసార్లు చదివారు.

"మాంట్రియల్‌లో మాట్లాడేది ఫ్రెంచే కదూ?" అని అడిగారు.

ఫ్రెంచేనని లె బిహానిక్ అన్నాడు.

"మరి మినిటెల్ లేకుండా ఎలా నెట్టుకొస్తున్నారు పాపం."

దరఖాస్తు నింపే ప్రశ్నే లేదని మేయరుగారు నిర్ణయించారు. ఆ రోజే ప్రత్యేక సమావేశం పెట్టి ప్రసంగించారు. "మిత్రులారా, మన దగ్గర భోజనం సిద్ధంగా ఉంది, పక్కింటివాడు ఇంకా పొయ్యి రాజేసుకుంటున్నాడు. మనం లేచిపోయి వాడి పొయ్యి దగ్గర నిలబడదామా, వాణ్ణే మన బల్ల దగ్గరికి పిలుద్దామా? మనం ప్రపంచం దగ్గరికి పోవడం కాదు. ప్రపంచమే ప్లూవెనెక్ దగ్గరికి రావాలి. దారి తెలియక రాలేదు, అంతే. దారి చూపిద్దాం." సభ్యులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మాంట్రియల్‌కు ఒక మినిటెల్ పెట్టెను, దాని వాడుక పుస్తకాన్ని, ఊరి జెండాను విమానంలో కానుకగా పంపాలని నిర్ణయించారు. అక్కడి గోడ ప్లగ్గు వేరుగా ఉంటుందని మందుల దుకాణం ఆయన గుర్తుచేస్తే, దూరదృష్టితో ఒక మార్పిడి ప్లగ్గు కూడా జతచేశారు. అట్లాంటిక్ అవతలనుంచి మినిటెల్ లైను దొరకదన్న చిన్న విషయం ఆర్మెల్ చెప్పబోయింది. వివరాలు తర్వాత చూసుకుందామన్నారు.

ఆ సాయంత్రం అక్క ఇంట్లో ఉల్లిపాయల సూపు తాగుతూ ఆర్మెల్ ఈ సంగతంతా చెప్పింది. మరివోన్ రొట్టె ముక్క తుంచి సూపులో ముంచింది. చేపల ముళ్ళు గుచ్చుకుని గుచ్చుకుని ఆవిడ వేళ్ళు గట్టిపడిపోయాయి. యాభై దాటిన ఆ వేళ్ళకు ఇంకొక పని ఎక్కడా దొరకదు. గిన్నె పక్కకు జరిపి చెల్లెల్ని చూసింది.

"రోజూ ఆ పెట్టె ముందు కూచుని ఊళ్ళో ఎవరు పోయారో రాస్తావు గదే. మేం అరవై నాలుగు మందిమి. ఒకే తెర మీద పడతామో, రెండు తెరలవుతామో ఇప్పుడే చూసి పెట్టుకో."

ఆర్మెల్ గిన్నెలు కడిగి పెట్టి ఇంటికెళ్ళింది.

అక్టోబరు ఇరవైకి మాంట్రియల్ జవాబు ఫాక్సులో వచ్చింది. "మీ కానుక అందింది. మా ఆఫీసులో అందరూ చూసి ముచ్చటపడ్డారు. దీన్ని ఎక్కడ తగిలించాలో తెలియక ముందుగదిలో అల్మరా మీద పెట్టి, పైన ఫెర్న్ మొక్క ఉంచాం. దరఖాస్తు గడువులో మార్పు లేదు." మేయరుగారు మొదటి రెండు వాక్యాలు మాత్రం ఊరి మినిటెల్ తెర మీద పెట్టమన్నారు. ఆర్మెల్ పెట్టింది. పెట్టాక మొదటిసారి ఆ తెరను చూస్తే ఆవిడకు సిగ్గేసింది.

లె బిహానిక్ దగ్గర జీతాల పట్టీలు తీసే కంప్యూటరు ఒకటుంది. దానికి ఇంటర్నెట్ లైను తెప్పిస్తే చాలు కదా అనుకుంది ఆర్మెల్. లైను కావాలంటే ఎక్కడ దరఖాస్తు పెట్టుకోవాలో ఆరా తీసింది. మినిటెల్‌లో. ఆవిడ తన వంటింటి పెట్టె ముందు కూచుని, రెండు నిమిషాల్లో అన్ని వివరాలూ కొట్టి 'పంపు' మీట నొక్కింది. కోరిక నమోదైందని, కావలసిన సరంజామా ఇరవై ఒక్క పనిదినాల్లో తపాలాలో అందుతుందని తెర చెప్పింది. గడువు పదకొండు రోజులుంది.

మర్నాడు మంగళవారం. ఆర్మెల్ పంటి నొప్పి అని సెలవు పెట్టి, లె బిహానిక్ దగ్గర కాగితాల ఫైలు తీసుకుని, అక్కను కారెక్కించుకుని పొద్దున్నే లొక్‌మెవెన్ వెళ్ళింది. ఎవరికీ కనబడకూడదని కారును రెండు వీధుల అవతల పెట్టింది. అక్కడ సంత జరుగుతోంది గనుక సగం ప్లూవెనెక్ అక్కడే ఉంది. కనబడినవాళ్ళందరికీ పళ్ళ డాక్టరు కోసమని చెప్పింది. లొక్‌మెవెన్‌లో పళ్ళ డాక్టరు లేడు.

సంత పక్కనే సొయాజిగ్ అనే ఆవిడ కాఫీ, సిగరెట్లు, లాటరీ టికెట్లు అమ్ముతుంది. వేసవిలో పడవలేసుకుని వచ్చే ఇంగ్లీషువాళ్ళు ఉత్తరాలు చూసుకోవడానికి అడుగుతున్నారని, కాఫీ మిషను పక్కన ఒక కంప్యూటరు పెట్టింది. లొక్‌మెవెన్ వాళ్ళకు అంతకుముందు వేరే పెట్టె ఏదీ అలవాటు లేదు కనుక, ఇది కొత్తా పాతా అన్న ఆలోచనే వాళ్ళకు రాలేదు. కాఫీ కోసం వచ్చి, ఉన్నదాన్ని వాడేసుకుంటున్నారు. సొయాజిగ్ అక్కాచెల్లెళ్ళను గుర్తుపట్టింది.

"రండమ్మా రండి. భవిష్యత్తులోంచి వచ్చినట్టున్నారు. దారి ఖాళీగానే ఉందా?"

ఆర్మెల్ ఆ మాటను మింగి, సంగతి చెప్పింది. సొయాజిగ్ నవ్వు ఆపేసింది. పాత కుర్చీ ఒకటి లాగి, దాని మీద సిగరెట్టు బూడిద దులిపింది.

ఆర్మెల్ కూచుంది. పద్నాలుగేళ్ళ అనుభవం ఉన్న వేళ్ళు మీటల మీద పెట్టగానే కంగారుపడ్డాయి. మినిటెల్‌లో లైను తగిలిన క్షణం నుంచి నిమిషానికింత అని బిల్లు పడుతుంది. అందుకని ప్లూవెనెక్‌లో అందరూ ఊపిరి బిగబట్టి, మాటలు సగం మింగి టైపు చేస్తారు. ఆవిడ కూడా 'నూనెలో నిల్వ చేసిన' అన్నదాన్ని 'నూ.ని.చే.' అని కొట్టింది. ఊరి పేరును మూడక్షరాలకు కుదించింది. సొయాజిగ్ భుజం మీదనుంచి చూసి, ఆ కెనడావాళ్ళకు ఇది చేపల పేరో, మందుల పేరో తెలియక చస్తారన్నది.

"మెల్లగా రాసుకోమ్మా. గంటయినా అంతే, పూటయినా అంతే. చెరో కాఫీ తాగండి చాలు."

"లైను నడుస్తోంది గదా."

"నడవనీ. దాని కాళ్ళేం నొప్పి పుడతాయి."

ఆర్మెల్ గట్టిగా ఊపిరి తీసుకుని మొదటినుంచి మళ్ళీ రాసింది. ఈసారి మాటలు మింగలేదు. సెప్టెంబరు చేపలో కొవ్వెలా పడుతుందో, వేయించాక ఎన్నాళ్ళు నూనెలో ఊరాలో, ఒక్కో డబ్బాను ఎన్నిసార్లు తిరగేస్తారో మరివోన్ చెబుతూ ఉంటే చెల్లెలు అక్షరం వదలకుండా రాసింది. ఇరవై ఆరేళ్ళుగా చేస్తున్న పని గురించి మరివోన్‌ను ఎవరైనా అడగడం అదే మొదటిసారి. కాఫీ తాగేవాళ్ళు కూడా మాట్లాడటం మానేసి విన్నారు.

చివర్లో ఒక గడి దగ్గర చెయ్యి ఆగిపోయింది. జవాబు పంపవలసిన ఎలక్ట్రానిక్ చిరునామా అడుగుతోంది. అలాంటిది లె బిహానిక్‌కు లేదు. ప్లూవెనెక్‌లో ఎవరికీ లేదు. సొయాజిగ్ తన కాఫీ దుకాణం చిరునామా చెప్పింది. అందులో లొక్‌మెవెన్ పేరుంది. సరుకు ఏ ఊరిదన్న గడిలో కూడా ఆ పేజీ దానంతటదే లొక్‌మెవెన్ అని నింపేసుకుంది. దాన్ని చెరపడం ఆర్మెల్‌కు గాని, సొయాజిగ్‌కు గాని చేతకాలేదు. మేయరుగారి ముఖం ఆర్మెల్ కళ్ళముందు చదరాలు చదరాలుగా కదిలింది.

"డబ్బా మీద ఏ ఊరి పేరుంటే మనకేంటే" అన్నది మరివోన్. "లోపల చేప మన చేతిదే గదా."

ఆర్మెల్ 'పంపు' మీట కోసం కీబోర్డంతా వెతికింది. అలాంటి మీట లేదు. సొయాజిగ్ ఆవిడ చెయ్యి పట్టుకుని ఎలుకలాంటి దాని మీద పెట్టి నొక్కించింది. చప్పుడు లేదు, లైను తెగిన కూత లేదు, ముగిసిందని చెప్పే ముక్క లేదు. పోయిందో, గాలిలో కలిసిందో తెలియక ఆర్మెల్ బిక్కమొహం వేసుకుని కూచుంది. నాలుగు నిమిషాలకు మాంట్రియల్ నుంచి అందినట్టు జవాబొచ్చింది. అక్కడ ఇంకా తెల్లవారలేదు. ఎవరూ లేవకముందే వచ్చిన ఆ జవాబును చూసి, ఇన్నాళ్ళూ తాను ముందున్నాననుకున్న మనిషి కళ్ళు తుడుచుకుంది. అక్క చూడనట్టు నటించి రెండో కాఫీ చెప్పింది.

నవంబరు చివర్లో బేరం ఖాయమైంది. అరవై నాలుగు మందికీ పని నిలిచింది. కెనడాకు పోయే డబ్బాల మీద మాత్రం, ఒప్పందంలో ఉన్న ప్రకారం, 'లొక్‌మెవెన్ సార్డీన్లు' అని అచ్చయింది.

పురపాలక సంఘం వెంటనే సమావేశమై ఒకే పూట రెండు తీర్మానాలు చేసింది. మాంట్రియల్ ప్రజల హృదయాలను మినిటెల్ కానుకతో గెలుచుకుని కర్మాగారాన్ని కాపాడిన మేయరుగారికి అభినందనలు తెలపడం మొదటిది. అనుమతి లేకుండా ఊరి వ్యవహారాన్ని పరాయి గడ్డ మీదికి తీసుకుపోయి, ఊరి పేరు పోగొట్టిన ఉద్యోగిని ఆర్మెల్ కెర్విజిక్‌ను మందలించడం రెండోది. కర్మాగారాన్ని కాపాడింది ఎవరో రెండు తీర్మానాలూ కలిపి చదివితే తెలిసిపోతుంది గనుక వాటిని వేర్వేరు కాగితాల మీద టైపు చేయమన్నారు. టైపు చేసింది ఆర్మెలే.

సంజాయిషీ ఏమైనా ఉందా అని మేయరుగారు అడిగారు.

"తప్పేనండి" అన్నది ఆర్మెల్. "ఈసారి కర్మాగారం మూతపడబోయేటప్పుడు ముందుగా అనుమతి తీసుకుంటాను."

శిక్షగా ఆవిడను మినిటెల్ విభాగం నుంచి తప్పించి, ఇంటర్నెట్ విభాగానికి అధికారిగా వేశారు. అలాంటి విభాగం లేదు కనుక కొత్తగా సృష్టించారు. నేలమాళిగలో ఎన్నికల పెట్టెల పక్కన ఒక బల్ల ఇచ్చారు. లె బిహానిక్ కృతజ్ఞతగా ఒక కంప్యూటరు ఇచ్చాడు. చాలా ఏళ్ళపాటు ఆ మెట్లు దిగినవాళ్ళు తక్కువ. పైన మినిటెల్ చక్కగా పనిచేస్తుండగా కిందికెందుకు దిగుతారు? పారిస్‌లో కూడా అదే మాట అనుకుంటున్నారని, ఆదాయం వచ్చే పెట్టెను ఎవరూ తొందరపడి పారేయరని గూర్విల్ చెప్పేవాడు. ఆ సంవత్సరాల్లో లొక్‌మెవెన్ వాళ్ళు తమ చేపలే కాక తమ గాలిని కూడా ఇంటర్నెట్‌లో పర్యాటకులకు అమ్మేసుకున్నారు.

2004లో ఇంటర్నెట్‌కు వేగంగా నడిచే లైను ప్లూవెనెక్‌కు వచ్చింది. అప్పుడొక చిత్రం జరిగింది. నేలమాళిగలో ఆర్మెల్ పాఠాలు మొదలుపెడితే, ఊళ్ళోని ముసలమ్మలు రెండు పూటల్లో అన్నీ నేర్చేసుకున్నారు. వాళ్ళు ఇరవై ఏళ్ళుగా తెర మీద టికెట్లు కొన్నవాళ్ళు, పందులమ్మినవాళ్ళు, మనవల సీట్లు వెతికినవాళ్ళు. యంత్రాన్ని చూసి భయపడే వయసును వాళ్ళు ఎప్పుడో దాటేశారు. ఇంటర్నెట్ ఈ ఊరికి ఆలస్యంగా రావడానికి కారణం మినిటెల్. వచ్చాక ఇంత త్వరగా ఒంటబట్టడానికి కారణమూ మినిటెలే. ఒక విశ్వవిద్యాలయం నుంచి పరిశోధకుడొకాయన వచ్చి ఈ రెండూ రాసుకున్నాడు. రెండూ ఒకేసారి నిజం కావడం కుదరదని తిరుగు రైల్లో ఒకదాన్ని కొట్టేశాడట. ఏది కొట్టేశాడో తెలియదు. మేయరుగారు మాత్రం, ఇన్నేళ్ళూ ఆగడం తమ వ్యూహమని, తప్పులన్నీ ఇతరులను చేయనిచ్చామని ప్రకటించారు. దానికీ చప్పట్లు పడ్డాయి.

2012 జూన్ ముప్పైన దేశమంతటా మినిటెల్‌ను ఆపేశారు. ప్లూవెనెక్‌లో సభ జరిగింది. డెబ్బై దాటిన త్రెవిదిక్‌గారు ఇంకా మేయరే. ఆఖరి పెట్టె మీద నల్లగుడ్డ కప్పి ప్రసంగించారు. "ఒకే పెట్టె, ఒకే సంస్థ, ఒకే దారి. అలాంటి చీకటి రోజుల్లో బతికాం మిత్రులారా. ఇక మనం స్వేచ్ఛాజీవులం." ఆ స్వేచ్ఛకు గుర్తుగా ఊరి ప్రకటనలన్నీ, ఆటుపోట్ల వేళలతో సహా, ఇకనుంచి ఒక అమెరికా కంపెనీ నడిపే పేజీలో తప్ప మరెక్కడా పెట్టబోమని ప్రకటించారు. అందరూ అందులోనే ఉన్నారు కదా, మనకు వేరే ఇంకొకటెందుకు అన్నారు. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. ఈసారి ఎవరూ నిద్రపోలేదు, అందరూ ఫోన్లు చూసుకుంటున్నారు.

మర్నాడు ఆదివారం. పని మానేసి ఇంట్లో ఉంటున్న మరివోన్, ఒడ్డున గవ్వచేపలు ఏరుకోవడానికి ఎప్పుడు బయల్దేరాలో చూద్దామని కొత్త ఫోను తెరిచింది. ఆ పేజీ ముందుగా ఆవిడ పేరు అడిగింది. పుట్టిన తేదీ అడిగింది. ఫొటో అడిగింది. స్నేహితులెవరని అడిగింది. ప్రస్తుతం ఎక్కడున్నావో చూస్తూ ఉండవచ్చునా అని అడిగింది. చెల్లెలు పక్కనే కూచుని ఉంది.

"ఇవన్నీ దేనికే దీనికి? మినిటెల్‌కి ఇరవై తొమ్మిదేళ్ళూ నా పేరు చెప్పలేదు."

"చెప్పకపోతే తెరుచుకోదక్కా."

"ఈ చిన్నక్షరాల్లో ఏం రాశాడు?"

చదివితే నలభై పేజీలుంటుందని ఆర్మెల్ చెప్పింది. మరివోన్ తలెత్తింది. వంటింటి కిటికీలోంచి సముద్రం కనిపిస్తూనే ఉంది. నీరు వెనక్కి పోయి, బండరాళ్ళు బయటపడి, పక్కింటివాళ్ళు బుట్టలు పట్టుకుని అప్పుడే ఒడ్డుకు దిగుతున్నారు. ఆవిడ ఒక్క క్షణం అటు చూసింది. తర్వాత కళ్ళద్దాలు సర్దుకుని, చదవకుండానే 'అంగీకరిస్తున్నాను' అన్నచోట నొక్కింది.

నవ్వుకోవలసినవాళ్ళు నవ్వుకోవచ్చు. ఆ నలభై పేజీలూ చదివినవాళ్ళు మాత్రమే నవ్వాలన్న నిబంధన ఏదీ ఇంతవరకు రాలేదు. వచ్చి ఉంటే, దాన్నికూడా మీరు అంగీకరించే ఉంటారు.